పక్కకు పొర్లితే ఇల్లంతా తిరుగుతోందా? కళ్లను చూసి ఏ చెవో పట్టుకోవడం, సరిచేసుకోవడం ఎలా

వరంగల్ చుట్టుపక్కల ఎవరైనా "చక్కరొస్తుంది" అంటే ఆ తర్వాత జరిగేవి దాదాపు ఒకటే తీరు. ఆర్‌ఎంపీ వచ్చి ఓ సెలైన్ ఎక్కిస్తాడు. మందుల షాపులో వెర్టిన్ గోళీలో స్టెమెటిల్ గోళీలో చేతిలో పెడతారు. ఇంట్లో ఓ పెద్దమనిషి "పైత్యం చేసింది" అంటాడు. ఇంకొకరు "మెడ నరం ఒత్తుకుంది, సర్వైకల్" అని తేల్చి మెడకు పట్టీ తెప్పిస్తారు. కొన్ని వారాలకు చక్కర్లు తగ్గుతాయి, పట్టీతోనే తగ్గిందని అందరూ నమ్ముతారు.

పడుకునేటప్పుడు, పక్కకు పొర్లినప్పుడు, తల పైకెత్తినప్పుడు మాత్రమే వచ్చి నిమిషంలోపు ఆగిపోయే తిరుగుడుకు చాలాసార్లు కారణం మెడ కాదు, లోపలి చెవి. డాక్టర్లు దీన్ని బీపీపీవీ అంటారు. చాలామందిలో ఇది వారాల్లో దానంతట అదే తగ్గుతుంది కాబట్టి, ఆ సమయంలో ఏది వాడితే దానికే పేరొస్తుంది. తల, ఒళ్లు ఒక వరుసలో తిప్పితే ఐదారు నిమిషాల పనితోనే తగ్గే జబ్బు ఇది. కాకపోతే ఏ చెవి, అందులో ఏ గొట్టం అన్నది తెలియకుండా తిప్పితే లాభం లేదు. ఆ సంగతి చెప్పేవి కళ్లు. అందుకే ఇది బాధపడే మనిషి కన్నా పక్కన ఉండి చేయించే మనిషి కోసం, అంటే మీ కోసం ఎక్కువగా రాస్తున్నాను.

ముందు 108 సంగతి తేల్చుకోండి

తిరుగుడుతో పాటు మాట ముద్దగా వస్తోందా? మూతి ఒక పక్కకు పోయిందా? చెయ్యో కాలో పట్టు తప్పిందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? మనిషిని పట్టుకున్నా నిలబడలేకపోతున్నారా? ఎన్నడూ రానంత తలనొప్పి, మెడనొప్పి వచ్చాయా? స్పృహ తప్పారా, ఛాతీలో నొప్పి ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కు ఫోన్ చేయండి. చిన్నమెదడుకు రక్తం అందకపోయినా తల ఇలాగే తిరుగుతుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. నర్సంపేట నుంచో ములుగు నుంచో బయలుదేరేవాళ్లకు అది పెద్ద సమయం కాదు.

మనిషి కదలకుండా పడుకున్నా గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే కూడా ఆ రోజే దవాఖానకు వెళ్లాలి. అది చెవి నరం వాపు కావచ్చు, చిన్నమెదడు స్ట్రోక్ కావచ్చు, ఇంట్లో తేల్చలేం. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోయినా అంతే. స్టెరాయిడ్ త్వరగా మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, గులిమి అనుకుని నూనె పోసుకుంటూ వారం గడపకండి.

తర్వాత మూడు ప్రశ్నలు అడగండి

"మంచంలో పడుకునే ఉండి పక్కకు పొర్లితే వస్తుందా?" ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. అవునంటే అనుమానం చెవి మీదికి వెళుతుంది. పొర్లితే ఏమీ లేదు, లేచి నిలబడితేనే కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటే అది ఎక్కువగా బీపీ పడిపోవడం. ఎండాకాలం కల్లంలో మిరపకాయలు ఏరి, నీళ్లు సరిగా తాగక, పైగా బీపీ గోళీ వేసుకునేవాళ్లలో ఇది మామూలే. దానికి తల తిప్పే వ్యాయామం పనికిరాదు.

"ఎంతసేపు ఉంటుంది?" బాధపడే మనిషి "పొద్దంతా ఉంది" అంటారు. గట్టిగా అడగండి. గిర్రున తిరిగేది అరనిమిషమే ఉండి, ఆ తర్వాత కడుపులో తిప్పడం, తేలిపోతున్నట్టు ఉండటం పొద్దంతా ఉండొచ్చు. అది బీపీపీవీకి సరిపోతుంది. నిజంగా ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా తిరిగి, దాంతో పాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్స్ అనే వేరే చెవి జబ్బును అనుమానించాలి.

"ఏ పక్కకు తిరిగితే ఎక్కువ?" దీనికి వచ్చే జవాబును రాసి పెట్టుకోండి, నమ్మేయకండి. భయంతో మనిషి రెండు పక్కలా అంటారు, లేదా అలవాటుగా పడుకునే పక్క పేరు చెబుతారు.

తోడుగా ఇంకొన్ని గుర్తులు: అటక మీది డబ్బా అందుకోబోతే రావడం, వాకిలి ఊడ్చి లేస్తే రావడం, పత్తి ఏరుతూ వంగితే రావడం, పళ్ల డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలగానే రావడం.

చెవిలో ఏం జరుగుతోంది

లోపలి చెవిలో యూట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. దానిలోని జిగురు పొర మీద కంటికి కనపడనంత చిన్న కాల్షియం కార్బనేట్ పలుకులు అతుక్కుని ఉంటాయి. తల ఎటు ఒరిగిందో మెదడుకు తెలిసేది వాటి బరువుతోనే. ఆ పక్కనే మూడు అర్ధవృత్తాకార కుల్యలు, అంటే వంపు తిరిగిన సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది, తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదలికను బట్టి ఎంత వేగంగా తిరిగిందో తెలుస్తుంది. పలుకులు ఊడి ఈ గొట్టాల్లో పడ్డాయనుకోండి. మీరు పొర్లినప్పుడు అవి కిందికి జారుతూ ద్రవాన్ని లాగుతాయి. తల ఆగిపోయినా, ఇంకా తిరుగుతూనే ఉందని ఆ చెవి మెదడుకు చెబుతుంది. రెండో చెవి కాదంటుంది. మెదడు మొదటి చెవి మాట నమ్మి కళ్లను తిప్పడం మొదలుపెడుతుంది. పలుకులు అడుగుకు చేరి ఆగిపోగానే అన్నీ ఆగుతాయి. నిమిషంలోపు తగ్గడానికి కారణం ఇదే.

పలుకులు ఊడటానికి వయసు ఒక కారణం. యాభై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. బండి మీంచి పడి తలకు దెబ్బ తగలడం, ఏదైనా ఆపరేషన్ తర్వాత వారాల తరబడి మంచం మీదే ఉండటం, చెవి నరానికి వైరస్ సోకడం, ఎముకలు గుల్లబారడం, విటమిన్ డి తగ్గడం మిగతావి. చాలామందిలో ఏ కారణమూ దొరకదు.

పడితే ఎక్కువగా వెనక గొట్టంలోనే పడతాయి, పడుకున్నా నిలబడ్డా అన్నిటికన్నా కిందికి ఉండేది అదే కాబట్టి. అప్పుడప్పుడు అడ్డ గొట్టంలో. ముందు గొట్టంలో పడటం బాగా అరుదు.

కళ్లను చూడటం నేర్చుకోండి

డాక్టర్లు నిస్టాగ్మస్ అనే కళ్ల అదురులో రెండు భాగాలుంటాయి. గుడ్డు ఒక దిక్కుకు మెల్లగా జారుతుంది, వెంటనే రెండో దిక్కుకు టక్కున కొట్టుకుంటుంది. టక్కున కొట్టుకునే దిక్కునే లెక్కలోకి తీసుకోవాలి.

వెనక గొట్టంలో పలుకులుంటే గుడ్డు రెండు పనులు ఒకేసారి చేస్తుంది: నుదుటి వైపు ఎగురుతుంది, తన చుట్టూ తాను మెలి తిరుగుతుంది. ఈ మెలి తిరగడం మొదట్లో పట్టుకోవడం కష్టం. నల్లగుడ్డును చూడకండి, తెల్లగుడ్డు మీది సన్నటి ఎర్ర నరం ఒకటి ఎంచుకుని దాని మీదే చూపు పెట్టండి. అది పక్కకు జరుగుతూ కనిపిస్తుంది. గుడ్డు పైభాగం ఏ చెవి వైపు కొట్టుకుంటుందో జబ్బు ఆ చెవిలో ఉన్నట్టు. పరీక్షలో అది కింద, నేల వైపు ఉన్న చెవే అవుతుంది.

ఫోన్‌లో వీడియో తీయండి. ఇంకో మనిషి ఫోన్ పట్టుకుని, కళ్లు రెండూ నిండుగా పడేలా దగ్గరగా పెట్టాలి. ఫ్లాష్ వేయకండి, కళ్లు మూసేస్తారు. కిటికీ వెలుతురు చాలు. బాధపడే మనిషి సహజంగానే కళ్లు గట్టిగా మూసుకుంటారు, అందుకని ముందే చెప్పిపెట్టండి: "అవ్వా, తిరిగినా కండ్లు మూయకు, నా ముక్కు దిక్కే చూడు, నేను పట్టుకునే ఉన్నా." అవసరమైతే వేళ్లతో రెప్పలు మెల్లగా తెరిచి పట్టుకోండి. ఈ వీడియో ఒక్కటి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర సగం పని అయిపోయినట్టే.

పరీక్ష: డిక్స్ హాల్‌పైక్

మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే ఇద్దరు లండన్ డాక్టర్లు 1952లో రాసిన పరీక్ష ఇది. ఇప్పటికీ దీన్ని మించింది లేదు, మిషన్ అక్కర్లేదు. మొదటిసారి ఈఎన్‌టీ డాక్టర్ చేత చేయించుకోవడమే మంచిది. మెడ ఎముకకు దెబ్బ, మెడ ఆపరేషన్, మెడ దాకా పాకిన కీళ్లవాతం, కంటి రెటీనా ఊడటం, ఈమధ్య వచ్చిన స్ట్రోక్, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఇంట్లో అసలు చేయకండి.

నులక మంచం, నవారు మంచం పనికిరావు. నడుమ కుంగుతాయి, పట్టె మెడకు తగులుతుంది. నేల మీద మందంగా బొంత పరిచి, పడుకున్నప్పుడు సరిగ్గా భుజాల కిందికి వచ్చేలా ఒక మెత్త పెట్టండి. తల కింద కాదు, భుజాల కింద. అప్పుడు తల కొద్దిగా వెనక్కి వాలుతుంది. పక్కన ఓ బకెట్, తువ్వాల ఉంచండి. తిన్న రెండు గంటల్లోపు వద్దు.

మనిషిని కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను కుడి పక్కకు సగం తిప్పండి, అంటే గదువ ఇటు రొమ్ము ఎముకకూ అటు భుజానికీ నడుమకు రావాలి. తల అలాగే పట్టుకుని వెనక్కి వేగంగా పడుకోబెట్టండి. విసిరినట్టు కాదు, కానీ మరీ మెల్లగా అయితే పలుకులు కదలవు. ఇప్పుడు కళ్లు చూడండి. వెంటనే ఏమీ కనపడకపోవచ్చు. కొన్ని సెకండ్ల తర్వాత అదురు మొదలై, పెరిగి, నిమిషంలోపు తగ్గిపోతుంది. ఏమీ రాకపోయినా నిమిషం ఆగి చూడండి. లేపి కూర్చోబెడితే మళ్లీ కాస్త తిరుగుతుంది, ఈసారి గుడ్లు ఎదురు దిక్కుకు కొట్టుకుంటాయి. కాసేపాగి ఎడమ పక్కకు ఇదే చేయండి. మీరు మొదట రాసిపెట్టుకున్న జవాబుతో ఇది కలవకపోతే కళ్లు చెప్పిందే నమ్మండి.

కళ్లు నుదుటి వైపు కాకుండా కిందికి కొట్టుకుంటున్నా, నిమిషం దాటినా ఆగకపోయినా, తల కదపకుండానే దిక్కు మార్చుకుంటున్నా ఇంట్లో ఇంకేమీ చేయకుండా దవాఖానకు తీసుకెళ్లండి. మెదడుకు సంబంధించిన కారణం ఉండొచ్చు.

సరిచేయడం: ఎప్లీ పద్ధతి

వంకర పైపులో పడ్డ గులకరాయి బయటికి రావాలంటే పైపును దాని వంపు వెంటే తిప్పుకుంటూ రావాలి కదా, ఇక్కడా అంతే. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో జాన్ ఎప్లీ అనే ఈఎన్‌టీ డాక్టర్ ఈ తిప్పుడు వరుస కనిపెట్టాడు. ఇంత తేలికపాటి వైద్యాన్ని తోటి డాక్టర్లు చాలాకాలం నమ్మలేదు. ఆయన దాన్ని 1992లో ప్రచురించాడు.

కింద చెప్పేది కుడి చెవికి. ఎడమ చెవికైతే కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి చదువుకోండి. ముందే ఒక కాగితం మీద రాసి గోడకు అతికించుకుంటే మధ్యలో తికమక ఉండదు.

1. పరీక్షలో లాగే కూర్చోబెట్టి తల కుడికి సగం తిప్పి, వెనక్కి పడుకోబెట్టండి. తల కొద్దిగా వెనక్కి వాలి ఉండాలి. తిరుగుడు మొదలవుతుంది. అది ఆగిపోయాక ఇంకో అరనిమిషం అలాగే ఉంచండి. తొందరపడితే పాడయ్యేది ఇక్కడే.

2. తల పైకి లేపకుండా, వాలిన తలను వాలినట్టే ఎడమ వైపుకు తిప్పండి. ఇంతకుముందు కుడికి ఎంత ఉందో ఇప్పుడు ఎడమకు అంత. అరనిమిషం నుంచి నిమిషం.

3. ఇప్పుడు మనిషిని ఎడమ పక్కకు ఒత్తిగిలమనండి. ఒళ్లు తిరుగుతుంటే తలను కూడా ఇంకా తిప్పి, ముక్కు నేల వైపు చూసేలా చేయండి. చాలామంది ఇక్కడ ఎదురుగా గోడను చూస్తూ ఆగిపోతారు. అది చాలదు, చూపు బొంత మీద పడాలి. మళ్లీ అరనిమిషం నుంచి నిమిషం. ఈ దశలో కాసేపు మళ్లీ తిరిగి, గుడ్లు మొదటి దిక్కుకే కొట్టుకుంటే మంచి గుర్తు. పలుకులు సరైన దారిలో పోతున్నాయి.

4. గదువ రొమ్ముకు ఆనించి, ఎడమ పక్క నుంచే లేపి కూర్చోబెట్టండి. వదిలేయకండి. కొందరికి సరిగ్గా ఈ క్షణంలో ఎవరో తోసినట్టు ముందుకో వెనక్కో తూలుతుంది. రెండు భుజాలూ పట్టుకుని కొన్ని నిమిషాలు కూర్చోబెట్టండి.

పావుగంట ఆగి పరీక్ష మళ్లీ చేయండి. అదురు తగ్గినా పూర్తిగా పోకపోతే వరుస మొత్తం ఇంకోసారి. వాంతులు ఎక్కువైతే ఆపి రేపు చేయండి. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లలోనే గిరగిర ఆగుతుంది, తేలిపోతున్నట్టు ఉండటం మాత్రం ఇంకొన్ని రోజులు ఉండొచ్చు.

ఆ రోజు బండి నడపకూడదు. నిచ్చెన ఎక్కడం, బావి మీదికి పోయి మోటారు వేయడం వేరేవాళ్లకు అప్పజెప్పండి. రెండు రాత్రులు కూర్చునే నిద్రపోవాలని, మెడకు పట్టీ వేసుకోవాలని ఇప్పటికీ కొందరు చెబుతారు. అక్కర్లేదని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. నా మాట అడిగితే, పట్టీ మెడను బిగించి మనిషిని ఇంకా భయస్తుణ్ని చేస్తుంది తప్ప చెవిలో పలుకును ఆపలేదు.

రెండు పక్కలా గట్టిగా తిరిగితే

డిక్స్ హాల్‌పైక్‌లో ఏమీ తేలకుండా, వెల్లకిలా పడుకుని తల కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా గట్టిగా తిరిగి, గుడ్లు పక్కకు మాత్రమే కొట్టుకుంటుంటే అది అడ్డ గొట్టం. వాంతులు దీనిలో ఎక్కువ. ఎప్లీ దీనికి పనిచేయదు, వేరే వరుస ఉంది: మనిషిని మంచి చెవి వైపుకు మెట్టు మెట్టుగా పూర్తిగా దొర్లించడం. ఏది మంచి చెవి అన్నది గుడ్లు నేల వైపు కొట్టుకుంటున్నాయా పైకప్పు వైపా అన్నదాన్ని బట్టి తిరగబడుతుంది. నేల వైపైతే ఎక్కువ తిరిగిన పక్కే జబ్బు చెవి, పైకప్పు వైపైతే తక్కువ తిరిగిన పక్క. ఈ లెక్క ఇంట్లో వేయకండి, వీడియో తీసి ఈఎన్‌టీకి చూపించండి. ఎప్లీ చేసిన తర్వాత ఉన్నట్టుండి తీరు మారి ఇలా రెండు పక్కలా మొదలైతే కంగారు వద్దు. వెనక గొట్టంలోంచి వచ్చిన పలుకులు అడ్డ గొట్టంలోకి దారి తప్పాయన్నమాట.

గోళీల సంగతి

వెర్టిన్ పలుకును కదిలించలేదు. స్టెమెటిల్, సిన్నారిజిన్ లాంటివి వాంతిని, తిరుగుడును అణుస్తాయి, ఒకటి రెండు రోజులకు డాక్టర్ ఇస్తే తప్పు లేదు. కానీ అవి కళ్ల అదురును కూడా అణిచేసి పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. స్టెమెటిల్ నెలల తరబడి మింగిన పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వస్తుంది. ఇంట్లో ఎవరైనా పాత చీటీ మీద అలా వాడుతుంటే ఈ వారమే డాక్టర్‌ను అడగండి.

మాటిమాటికీ వచ్చేవాళ్లు విటమిన్ డి రక్తపరీక్ష చేయించుకోవాలి. దక్షిణ కొరియా డాక్టర్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, డి తక్కువగా ఉన్నవాళ్లకు విటమిన్ డి, కాల్షియం కలిపి ఇస్తే మళ్లీ రావడం తగ్గింది. ఇక్కడ ఒక జాగ్రత్త. మన దగ్గర రాసే 60,000 యూనిట్ల గోళీ మామూలుగా వారానికొకటి. దాన్ని రోజుకొకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. చీటీ మీద "వారానికి" అని తెలుగులో రాయించుకోండి.

ఎక్కడికి, ఏం అడగాలి

వరంగల్ ఎంజీఎంలో ఈఎన్‌టీ విభాగం ఉంది. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ములుగు, భూపాలపల్లి వైపు వాళ్లు అంత దూరం రానక్కర్లేదు, ఇప్పుడు ఆ జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. పొద్దుగాలే ఓపీ చీటీ తీసుకోండి, తేలికగా తిని వెళ్లండి, మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని కాదు, ఆటోలోనో బస్సులోనో తీసుకెళ్లండి. వాడుతున్న గోళీల అట్టలన్నీ వెంట ఉండాలి. డాక్టర్‌కు లక్షణాలు వరుసగా చెప్పే బదులు ముందు వీడియో చూపించి, "పడుకోబెట్టి కళ్లు చూస్తారా సార్?" అని అడగండి. తలకు స్కాన్ రాస్తే దేనికోసమో అడగడంలో తప్పు లేదు. కళ్ల అదురు సరిగ్గా బీపీపీవీ తీరులోనే ఉండి, ఇంకే లక్షణమూ లేకపోతే స్కాన్ అవసరం ఉండదు.

ఈ జబ్బు కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ రావచ్చు. వచ్చినప్పుడు పోయినసారి కుడి చెవి కదా అని నేరుగా ఎప్లీ మొదలుపెట్టకండి, ఈసారి ఎడమ కావచ్చు, అడ్డ గొట్టం కావచ్చు. 108కు ఫోన్ చేయాలా అని తేల్చే ప్రశ్నల నుంచే మొదలుపెట్టి, కళ్లు చూసి, తర్వాతే తిప్పండి. వారం పాటు సరిగ్గా చేసినా అదురు అలాగే ఉంటే పాత వీడియో, కొత్త వీడియో రెండూ పట్టుకుని ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.